ఇంకా దిగని బంతి

కృతజ్ఞతల పండుగ థాంక్స్‌గివింగ్ నాటి ఉదయం కుబిచెక్ వారింట బంగాళాదుంపల చెక్కు తీసే పని ఎప్పుడూ డువేన్‌దే. తల్లి బెర్నడీన్ చీకటితోనే లేచి టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టి, వంటగది కిటికీకి ఆవిరి పట్టే వేళకు రెండో కాఫీ పోసుకుంటుంది. ముందు గదిలో టీవీలో న్యూయార్క్ పండుగ ఊరేగింపు నడుస్తూ ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. కట్టేస్తే మాత్రం పండుగే ఆగిపోయినట్టుందని అందరూ గొణుగుతారు. డువేన్ కూతురు హ్యాటీ బల్ల నిండా కాగితాలు పరుచుకుని, అరచేతులు ఆనించి చుట్టూ పెన్సిల్‌తో గీసి, బొటనవేలికి కన్నూ ముక్కూ పెట్టి, తక్కిన వేళ్లకు ఈకల రంగులు దిద్ది టర్కీ కోళ్లను తయారు చేస్తోంది. పండక్కి ఆ గడప తొక్కిన వారెవరైనా ముందు తమ చేతిని ఆ పిల్లకు అప్పగించవలసిందే.

"నాన్నా, నీ చెయ్యి తడిగా ఉంది. కోడికి జబ్బు చేసినట్టొచ్చింది," అంది హ్యాటీ.

"మీ నాన్న చెయ్యి ఎప్పుడూ అంతేలేవే. ఏదిచ్చినా జారిపోతుంది," అంది బెర్నడీన్ నవ్వుతూ. "డువేన్, ఆ తొక్కలు సింకులో వెయ్యకు, పోయినేడు గొట్టం మూసుకుపోయింది. చేతులు తుడుచుకుని బంతి వచ్చిందేమో చూడు."

తల్లి సరదాకే అంది. అయినా డువేన్ చేతులు తుడుచుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ సేపు తీసుకున్నాడు. తర్వాత మోచేత్తో కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచి బయటికి చూశాడు.

బంతి వచ్చింది. పెరట్లో బట్టలారేసుకునే స్తంభాలకు అవతల, ధాన్యపు గోపురమంత ఎత్తున, గాలిలో నిలబడి ఉంది. కోడిగుడ్డును రెండు కొసలా పట్టి సాగదీసినట్టుండే తోలుబంతి. ముక్కు కొంచెం పైకెత్తి, మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది. అన్న లీలండ్ చేతిలోంచి వెళ్లిన నాడు ఎలా తిరుగుతూ వెళ్లిందో అలాగే.

"వచ్చిందమ్మా."

"ఈసారి పెందలాడే వచ్చిందే. మొన్న కరెంటాఫీసు అబ్బాయి ఫోన్ చేశాడు. మీ బంతి తీగలకి దగ్గర్లో వేలాడుతోందమ్మా, కాకులు దాన్ని చూసి గోల చేస్తున్నాయి, ఏమైనా చెయ్యగలరా అని. మా చేతుల్లో ఏముంది బాబూ, గురువారానికి అదే ఇంటికొచ్చేస్తుందిలే అన్నాను."

ఏడాది పొడవునా ఆ బంతి నెబ్రాస్కాలోని ఆ చిన్న జిల్లా అంతటా తిరుగుతూ ఉండేది. వేసవిలో చర్చి గంటగోపురం పక్కన కొన్నాళ్లు నిలిచేది. కోతల కాలంలో కెట్లర్ల పొలాల మీదుగా యంత్రం వెనకాలే వెళ్లేది. చూసినవాళ్లు సరుకుల కొట్లో బెర్నడీన్ కనబడితే, మీ ఆవు మా గట్టు మీద మేస్తోందని చెప్పినంత మామూలుగా, బంతి ఎక్కడుందో చెప్పేవాళ్లు. థాంక్స్‌గివింగ్ పొద్దుటికి మాత్రం అది తప్పకుండా కుబిచెక్ వారి పెరటి మీదికి వచ్చేది.

బంతి అలా తిరగడం మొదలైంది హ్యాటీ ఉయ్యాలలో ఉన్న సంవత్సరం. భోజనానికి ముందు ఇంటిల్లిపాదీ పెరట్లో బంతాట ఆడడం ఆ ఇంటి ఆనవాయితీ. ఒకవైపు హద్దు బట్టల స్తంభాలు, రెండోవైపు హద్దే లేదు. కోసేసిన మొక్కజొన్న చేను. పడదోసుకోకూడదు, రెండు చేతులతో తాకితే చాలు. భార్యాభర్తలు ఒక జట్టులో ఉండరాదన్నది బెర్నడీన్ పెట్టిన నియమం. ఆనాడు డువేన్ తన అన్న లీలండ్ జట్టులో ఉన్నాడు. లీలండ్ భార్య మార్లిస్ ఎదుటి జట్టులో ఉండి, డువేన్‌కు కాపలాగా నిలబడింది. లీలండ్ చెయ్యి వెనక్కి వంచి, డువేన్ వైపు చూసి, "ముందుకెళ్లు చిన్నోడా, ఇంకా ముందుకి," అని అరిచి బంతిని ఆకాశంలోకి విసిరాడు.

అది పైకి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

అందరూ తలలెత్తి చూశారు. మెడలు నొప్పెట్టేదాకా చూశారు. చివరికి లీలండే నవ్వి, "గుమ్మడి పై మీద పోసుకోడానికి మీగడ లేదంటోంది అమ్మ. నేను కొట్టుకెళ్లొస్తా. అది దిగేలోపు వచ్చేస్తాలే," అని కారు తాళాలు తీసుకున్నాడు. వంతెన మీద మంచు పేరుకుని ఉంది. ప్రమాదం కబురుతో షెరీఫ్ పోలీసు కారు ఇంటి ముందు ఆగేసరికి కూడా బంతి దిగలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ దాని గురించి ఎక్కువగా మాట్లాడలేదు. బెర్నడీన్ ఒక్కతే, సమాధి మీద పూలు పెట్టి వచ్చిన మొదటి పండుగనాడు, ఒక పళ్లెంలో అన్నీ వడ్డించి, మీద వెండికాగితం మూసి, ఓవెన్ పక్కన వెచ్చగా పెట్టింది. "దిగేలోపు వస్తానన్నాడుగా. ఇంకా దిగలేదుగా," అంది. ఆ లెక్కన లీలండ్‌కు ఇంకా ఆలస్యం కాలేదు. ఆ మాటను ఎవరూ కాదనలేదు. సమాధీ ఉంది, పళ్లెమూ ఉంది. రెండింటి మధ్య తగవేమీ లేనట్టే ఆ కుటుంబం ఏళ్లు గడిపింది.

ఆ నిశ్చింతలో పాలు లేనిది డువేన్‌కు మాత్రమే. బంతి ఎందుకు దిగలేదో అతనికి తెలుసు.

ఆ సంవత్సరం అతని ఉద్యోగం పోయింది. భార్య జోలీన్‌నూ పసిపిల్లనూ వెంటబెట్టుకుని తల్లి ఇంటి నేలమాళిగలోకి చేరాడు. పండుగనాటి పొద్దున అందరూ కాఫీలు తాగుతుండగా లీలండ్, "అమ్మా, నీ నేలమాళిగకి కొత్త హీటర్ వచ్చిందటగా. పని తక్కువ, తిండి ఎక్కువ అంటున్నారు," అన్నాడు. ఇల్లంతా నవ్వింది. డువేన్ కూడా నవ్వాడు. ఆ నవ్వును నోట్లో పెట్టుకునే ఆటకు వెళ్లాడు. చిన్నప్పటి నుంచీ లీలండ్ తమ్ముడికి అందని దూరానికే బంతి విసిరేవాడు. అందుకోలేక బోర్లా పడితే పగలబడి నవ్వేవాడు. ఆ రోజు మాత్రం బంతి చేతిలోంచి వెలువడిన క్షణానే, అది తనకు అందే బంతి అని డువేన్ పాదాలకు తెలిసిపోయింది. అన్న ఈసారి సరిగ్గా అతని కోసమే విసిరాడు. అది తెలిసి కూడా, తెలిసినందుకే, అతను పరుగు ఆపేశాడు. చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

అందరి కళ్లూ బంతి మీదే ఉన్నాయి. లీలండ్ ఒక్కడే ఆ జేబుల వైపు చూశాడు. అతని ముఖంలో నవ్వు ఒక్క రెప్పపాటు ఎటు పోవాలో తెలియనట్టు తడబడింది. తర్వాత మీగడ మాట ఎత్తాడు.

ఆ దుఃఖానికి మిగిలినవాళ్లంతా ఆ బంతిని ఊరటగా చేసుకున్నారు. డువేన్‌కు అది తలెత్తినప్పుడల్లా కనిపించే తన జేబులు.

తీపి కూరి గాజుపళ్లేల్లో కాల్చిన గుమ్మడి పైలు రెండు, పెకాన్ గింజల పై ఒకటి పట్టుకుని మార్లిస్ వెనక తలుపు గుండా లోపలికి వచ్చింది. పక్క ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది ఆమె. భుజంతో తలుపు నెట్టడమూ, అడుగు పెడుతూనే తలలు లెక్కపెట్టుకునే అలవాటూ రెండూ ఆ పని నుంచి వచ్చినవే.

"మార్లిస్ పెద్దమ్మా, ముందు చెయ్యి," అంది హ్యాటీ.

"కోటైనా విప్పనివ్వవా? నా చేత్తో చేసిన కోడి ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకున్నట్టే వస్తుందే."

బెర్నడీన్ పైలను చూసి, "అంచులు మాడలేదు ఈసారి," అంది. ఆమె నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

మార్లిస్ ముందు గదిలోకి వెళ్లగానే జోలీన్ బంగాళాదుంపల గిన్నె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మన పశువుల డాక్టరు ఎవరెట్ ఆదివారం బయల్దేరుతున్నాడట. అంత దూరం ఆరిగన్‌లో వాళ్లన్నయ్య పియర్ పళ్ల తోటలున్నాయిగా, అక్కడే పశువుల ఆసుపత్రి పెడతాడట. మార్లిస్‌ని తనతో రమ్మంటున్నాడు."

"వెళ్తుందా?"

"రానని చెప్తుందట. ఈసారి రానంటే మళ్లీ అడగనన్నాడట అతను. కోపంగా కాదు, పాపం. నేనూ ముసలాణ్ని అయిపోతున్నాను మార్లిస్ అన్నాడట." జోలీన్ వెన్న ముక్క గిన్నెలో వేసింది. "బంతి పైనుండగా ఎట్లా పోతానంటుంది. ఆమెకెట్లా చెప్పేది చెప్పు. గట్టిగా మెత్తు, గడ్డలు గడ్డలుగా ఉన్నాయి."

డువేన్ గట్టిగా మెత్తసాగాడు. బెర్నడీన్ టర్కీ కోడి నుంచి కారిన కొవ్వు గరిటెతో తీసి దాని మీదే పోస్తూ వాళ్ల వైపు వీపు పెట్టి నిలుచుంది. విన్నదో లేదో తెలియలేదు. "ఆట అయ్యాక కూరలూ పులుసూ వేడి చేసుకోవచ్చు. ఇక కోట్లు తొడుక్కోండి," అంది.

పెరట్లో గడ్డి పచ్చదనం పోయి బిరుసెక్కి ఉంది. ఏటా చేసినట్టే అందరూ ఆ నాటి చోట్లలో నిలబడ్డారు. అది ముగియని ఆట. కాబట్టి ఎవరి చోటు వారిదే. బెర్నడీన్ తమ్ముడు స్టాన్లీ తన చోటులో మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, కూర్చుని ఆడకూడదు," అంది జోలీన్.

"డాక్టరు పెట్టిన తుంటి కొత్తదమ్మా, నేను పాతవాణ్ని. మా ఇద్దరికీ ఇంకా పరిచయం కుదర్లేదు."

లీలండ్ నిలబడిన చోటు ఖాళీగా ఉంది. అందరూ కాసేపు తలలెత్తి పైకి చూస్తారు. తర్వాత వెనక వరండాలోంచి బెర్నడీన్, "సరే, పిల్లల బంతి తియ్యండి," అంటుంది. అప్పుడు వేరే బంతితో మామూలు ఆట మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఆ మౌనం ఎంతసేపన్నది ఆమె ఇష్టం.

మార్లిస్ వచ్చి డువేన్‌కు చేరువలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది. ఆమె ముక్కు చలికి ఎర్రబడి ఉంది.

"ఎవరెట్‌కి కాదని చెప్తావటగా," అన్నాడు డువేన్ నేల చూస్తూ.

"జోలీన్ నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"మంచివాడు కాడా?"

"మంచివాడే. నేను తలెత్తి చూస్తే తనూ చూస్తాడు. ఎవరిది, ఎందుకు అని అడగడు. టోపీ తీసి నిలబడతాడు." ఆమె చేతితొడుగులు సర్దుకుంది. "వస్తానన్న మనిషి ఇంకా రావలసి ఉండగా, తాళం పెట్టుకుని ఎట్లా పోను డువేన్?"

డువేన్ గొంతు తగ్గించాడు. "మార్లిస్, అది అన్నయ్య కోసం ఆగలేదు. ఆ రోజు నేను..."

"తెలుసు."

అతను తల తిప్పి చూశాడు. ఆమె పైకి చూడడం లేదు. అతని నడుము వైపు చూస్తోంది.

"బంతిని చూడొద్దు, మనిషి నడుమును చూడు, కళ్లు మోసం చేస్తాయి గాని నడుము చెయ్యదు. లీలండే నేర్పాడు నాకు. అందరూ ఆకాశంలోకి చూస్తుంటే నేను నిన్నే చూస్తున్నాను. నువ్వు ఆగావు. నేనూ ఆగాను."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మొదట్లో నీ మీద కోపం. అమ్మ ముందు నీ పరువు తియ్యాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. తర్వాత... చెప్తే నువ్వు పరిగెత్తేవాడివి. అది దిగిపోయేది." ఆమె మెల్లగా ఊపిరి వదిలింది, అది తెల్లగా ఇద్దరి మధ్యా నిలిచింది. "దాన్ని అక్కడ ఉంచింది నువ్వొక్కడివే అనుకోకు."

"ఇప్పుడు పరిగెత్తమంటావా?"

"నేనేమీ అనను. నన్ను అడగొద్దు. నువ్వు పరిగెత్తితే నేనూ పరిగెత్తాలి. ఆటలో రాసి ఉన్నది అంతే."

డువేన్ వరండా వైపు చూశాడు. తల్లి శాలువా కప్పుకుని, గడ్డం ఎత్తి, చర్చిలో నిలబడినట్టు నిలబడి ఉంది. ఈ కాసేపటి కోసమే ఆమె ఏడాదంతా బతుకుతుందని అతనికి తెలుసు. దాన్ని లాగేసుకోవడానికి తనకేం హక్కుంది? ఒకసారి అన్నను మోసం చేసినవాడు ఇప్పుడు అమ్మను దోచుకోవాలా? మార్లిస్ కోసమే చేస్తున్నానని చెప్పుకోవడం తేలిక. నిజానికి తలెత్తి నడవాలన్న తన సొంత ఆశ ఇందులో ఎంత కలిసి ఉందో అతను తేల్చుకోలేకపోయాడు. తేల్చుకునేదాకా ఆగితే తల్లి నోరు తెరిచి పిల్లల బంతి అడుగుతుంది. పొరపాటు ఏ వైపున ఉన్నా, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడడం మాత్రం ఇంకొకసారి అతని వల్ల కాదు.

అతను పరుగు తీశాడు.

మొదటి అంగల్లోనే మోకాలు ఎదురు తిరిగింది. గడ్డి అయిపోయి చేను మొదలయింది. కోసిన మొక్కజొన్న మోళ్లు బూట్ల కింద విరిగాయి. వెనక మార్లిస్ అడుగులు వినిపించాయి, తర్వాత పక్కన వినిపించాయి. వెనక ఎవరో అతని పేరు పిలిచారు. అతను తల తిప్పి చూడలేదు. ఆ పరుగులో ఎప్పుడు తిరిగి చూడాలో ఏళ్ల క్రితమే నిర్ణయమై ఉంది.

తిరిగి చూసేసరికి బంతి వస్తోంది.

తొందరేమీ లేదు దానికి. ముక్కు వంచింది. ఎన్నో చలికాలాలు దాని తోలును నల్లగా మార్చాయి, కుట్లు వెలిసిపోయాయి. అయినా అది వంపు తిరిగిన దారి మాత్రం కొత్తది, అప్పుడే ఒక చెయ్యి విసిరిన దారి. లీలండ్ విసిరినవాటిలో అంత చక్కని బంతి డువేన్ ఎన్నడూ చూడలేదు. పక్కకి జరగనక్కరలేదు, ఎగరనక్కరలేదు. పరిగెడుతూ చేతులు చాపితే చాలు. అతను చాపాడు. అది వచ్చి ఛాతీ మీద, రెండు చేతుల మధ్య కూర్చుంది.

అదే క్షణాన రెండు అరచేతులు అతని వీపును తాకాయి. ఆట నియమం ప్రకారం తాకి తీసేస్తే సరిపోతుంది. మార్లిస్ చేతులు తియ్యలేదు. ఇద్దరూ అలాగే నిలబడి ఊపిరి కోసం రొప్పారు. ఆమె నుదురు అతని భుజానికి ఆనింది. ఏడుస్తోందో నవ్వుతోందో అతను వెనుదిరిగి చూడలేదు.

"పట్టాను," అంది చివరికి. "అయిపోయింది."

ఇంటి వైపు నడుస్తుంటే పెరటి మీద ఆకాశం మామూలు ఆకాశంలా ఉంది. స్టాన్లీ మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "నాన్న పట్టుకున్నాడు నాన్నమ్మా, జారిపోలేదు," అని హ్యాటీ ఒక్కతే చెప్పింది.

బెర్నడీన్ మెట్లు దిగి వచ్చి బంతిని రెండు చేతులతో అందుకుంది. వేళ్లతో నొక్కి చూసింది. "గాలి తగ్గలేదు," అంది. తర్వాత ఇంటి పక్కగా రోడ్డు వైపు చూసింది. అంతసేపు చూసింది కనుక అందరూ చూశారు. రోడ్డు మీద ఏమీ లేదు.

"లీలండ్‌కి ఆలస్యమైంది," అంది ఆమె. "ఇక మనం తినేద్దాం. చేతులు కడుక్కోండి."

భోజనాల బల్ల దగ్గర, ఏటా లాగే, ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో వరసగా చెప్పారు. స్టాన్లీ తుంటికి చెప్పాడు. హ్యాటీ ఊడిన పన్నుకు చెప్పింది. డువేన్ వంతు వచ్చింది. గుండె తేలికపడుతుందని ఎక్కడో ఆశపడ్డాడు. ఇన్నేళ్లూ అన్న రావలసిన మనిషిగానైనా ఉన్నాడు. ఇప్పుడు తను చేతులు చాపి ఆ కాస్తా ముగించాడు. "బంగాళాదుంపలకి," అన్నాడు. కొందరు నవ్వారు. బెర్నడీన్ నవ్వలేదు. ఓవెన్ పక్కన ఏ పళ్లెమూ పెట్టలేదు ఆమె ఈసారి. పులుసు గిన్నె అతని వైపు జరుపుతూ, గిన్నెనే చూస్తూ అడిగింది:

"ఎంత దూరం పరిగెత్తావు?"

"చేను మధ్య దాకా అమ్మా."

"అంతేనా." ఆమె గరిటె సరిచేసి పెట్టింది. "దగ్గరే."

ఆ తర్వాత ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ ఎత్తలేదు. డువేన్ మాత్రం ఆమె ఎదుట కూర్చున్నప్పుడల్లా ఆ ఒక్క మాటను వింటూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా మార్లిస్ కోటు తొడుక్కుంది. ఆ ప్రాంతపు ఆడవాళ్లు పై తెచ్చిన గాజుపళ్లేన్ని విందు జరిగిన ఇంట్లోనే వదిలి వెళతారు. వచ్చే పండుగకు మళ్లీ వస్తామనడానికి వేరే మాట అక్కరలేదు. మార్లిస్ గుమ్మం దగ్గర కొంతసేపు తాళాలు వెతుక్కుంది. అవి చేతిలోనే ఉన్నాయి.

"అమ్మా, నా పళ్లేలు ఇస్తావా? ఈసారి తీసుకెళ్తాను."

బెర్నడీన్ వంటగదిలో కుళాయి తిప్పింది. డువేన్ తుడవడానికి గుడ్డ అందుకోబోతే బెర్నడీన్ తల అడ్డంగా ఊపి, తనే కడిగింది. అంచుల్లో అంటుకున్న చక్కెర గోటితో తీసింది. పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, దారిలో ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యలో తన మంచి తువ్వాళ్లు మడిచి పెట్టి, మార్లిస్ చేతులకు అందించింది.

"పియర్ పళ్లతో కూడా వస్తుంది పై," అంది. "నీళ్లు ఎక్కువ ఊరతాయి గాని. పిండి ఇంకో చెంచాడు వెయ్యి, దాల్చినచెక్క తగ్గించు."

"సరేనమ్మా," అంది మార్లిస్.